మౌస్ ముందు, గీత వెనక

చిప్ లేఅవుట్ గీసేవాళ్ల రోజంతా చిన్న చిన్న కదలికలతోనే గడుస్తుంది. మెటల్ తీగ అంచు పట్టుకుని కొన్ని నానోమీటర్లు పక్కకి జరపడం, రెండు మెటల్ పొరలను కలిపే వయాని సరైన చోట కూర్చోబెట్టడం, దగ్గరికి జూమ్ చేసి చూసి మళ్లీ వెనక్కి రావడం, రెండు తీగల మధ్య ఎడాన్ని రూలర్‌తో కొలవడం పూటకి వందల సార్లు జరుగుతాయి. ఇంత పనీ చేసే సాఫ్ట్‌వేర్ మాత్రం చాలాచోట్ల వాళ్ల బల్ల మీది కంప్యూటర్లో ఉండదు. హైదరాబాదులోని ఇంజనీరు తెర మీద కనిపించే బొమ్మ కాలిఫోర్నియాలోని ఒక లినక్స్ సర్వరులో తయారై వచ్చినది కావచ్చు. ఈ ఏర్పాటుకి గట్టి కారణాలే ఉన్నాయి. ఫౌండ్రీ ఇచ్చే ప్రాసెస్ వివరాలు, అంటే పీడీకే, రహస్య ఒప్పందం కింద ఉంటాయి కాబట్టి లాప్‌టాపుల్లోకి దింపనివ్వరు. లైసెన్సులు చాలా ఖరీదు కాబట్టి ఒకచోట పెట్టి అందరూ పంచుకుంటారు. పెద్ద చిప్పు డేటా టెరాబైట్ల లెక్కన ఉంటుంది కాబట్టి దాన్ని మోసుకు తిరిగే బదులు, అది ఉన్నచోటే సాఫ్ట్‌వేర్‌ను నడిపి తెరను మాత్రం దూరానికి పంపుతారు. 2020 లాక్‌డౌన్‌తో ఈ దారికి ఇంటి వైఫై, ఆఫీసు వీపీఎన్ కూడా కలిశాయి.

ఇలా పనిచేసేవాళ్ల నోట తరచుగా వినిపించే ఫిర్యాదు ఒకటే: స్క్రీన్ స్లోగా ఉంది. దానికి మొదట ఎదురయ్యే ప్రశ్న కూడా ఒకటే: మీ నెట్ స్పీడ్ ఎంత? ఈ ప్రశ్న చాలా సందర్భాల్లో తప్పు దారి పట్టిస్తుందన్నది ఈ అధ్యాయంలో నా వాదన. తెర మందగించడానికి బ్యాండ్‌విడ్త్ కారణమయ్యే సందర్భాలు లేకపోలేదు. కానీ అంతకంటే ఎక్కువగా రెండు విషయాలు నిర్ణయిస్తాయి. ఒక బొమ్మ తెర మీదికి రావడానికి ఆ చివరికీ ఈ చివరికీ మధ్య ఎన్నిసార్లు ప్రశ్నా జవాబూ నడవాలన్నది మొదటిది. ఆ బొమ్మ ఎలాంటిది, దాన్ని ఎక్కడ తయారుచేస్తున్నారు అన్నది రెండోది. ఈ రెండింటినీ విడివిడిగా కొలవవచ్చు. కొలవకుండా పెద్ద ఇంటర్నెట్ ప్లాను కొన్నా, సర్వరుకి గ్రాఫిక్స్ కార్డు తగిలించినా డబ్బు ఖర్చవుతుంది, గీత మాత్రం మౌస్ వెనకే వస్తుంది.

ఈ ఆలస్యం మూలం కనుక్కోవాలంటే 1984కి వెళ్లాలి. అమెరికాలోని ఎం.ఐ.టి.లో ప్రాజెక్ట్ అథీనా నడుస్తున్న రోజుల్లో బాబ్ షైఫ్లర్, జిమ్ గెటిస్ ఎక్స్ విండో సిస్టం మొదలుపెట్టారు. నేటికీ వాడుకలో ఉన్న పదకొండో రూపం 1987లో వచ్చింది. చిప్ డిజైన్ సాఫ్ట్‌వేర్ చాలావరకు లినక్స్ మీద, ఈ ఎక్స్ మీదే నిలబడి ఉంది. ప్రోగ్రాం ఒక యంత్రంలో నడుస్తూ ఇంకో యంత్రపు తెర మీద గీయగలగాలన్నది దాని ఆలోచన. ప్రోగ్రాం బొమ్మను పంపదు, గీసే ఆజ్ఞలను పంపుతుంది: ఈ రంగుతో ఇక్కడినుంచి అక్కడికి గీత, ఈ బహుభుజిని ఈ నమూనాతో నింపు, ఈ మూల ఈ అక్షరాలు. ఒక గీతకి కొన్ని పదుల బైట్లు చాలు. అప్పటి ఈథర్నెట్ వేగం సెకనుకి 10 మెగాబిట్లు, దాన్నే భవనమంతా పంచుకునేవారు. అందుకే బైట్లు పొదుపుగా ఖర్చుపెట్టాలన్న పట్టుదల ఆ ప్రోటోకాల్‌లో అడుగడుగునా కనిపిస్తుంది. ఆనాటి నెట్‌వర్కు ఒకే ఆవరణలోది కావడంతో ఒక మాట అటు వెళ్లి జవాబు తిరిగి రావడానికి పట్టే సమయం ఎవరి లెక్కలోకీ రానంత తక్కువ. ఈ నలభై ఏళ్లలో పరిస్థితి తిరగబడింది. బ్యాండ్‌విడ్త్ ఎన్నో రెట్లు పెరిగి చవకయింది. తెరకీ ప్రోగ్రాంకీ మధ్య దూరం మాత్రం ఒక భవనం నుంచి ఒక మహాసముద్రం దాకా సాగింది. అప్పుడు కరువైనది ఇప్పుడు పుష్కలం, అప్పుడు లెక్కలేనిది ఇప్పుడు అసలు ఖర్చు.

ఎక్స్‌లో ఆజ్ఞలు రెండు రకాలు. గీతలు గీయమనే ఆజ్ఞలకి జవాబు అక్కర్లేదు. ప్రోగ్రాం వాటిని వరసగా పంపుకుంటూ పోతుంది, అవి దారిలో ఒకదాని వెనక ఒకటి ప్రయాణిస్తాయి. మౌస్ ఇప్పుడు ఎక్కడుంది, ఈ పేరుకి నువ్విచ్చిన సంఖ్య ఏది, ఈ విండో లక్షణం ఏమిటి, తెర మీద ఈ ముక్కలో ఉన్న పిక్సెళ్లు చదివి పంపు వంటివి రెండో రకం. వీటిని అడిగిన ప్రోగ్రాం సాధారణంగా జవాబు వచ్చేదాకా చేతులు కట్టుకుని నిలబడుతుంది. కిరాణా కొట్టు వీధి చివరే ఉంటే ఉప్పుకోసారి, పప్పుకోసారి వెళ్లిరావడం పెద్ద నష్టం కాదు. కొట్టు పక్క ఊళ్లో ఉంటే పెద్ద లారీ ఉన్నా లాభం లేదు, చీటీ రాసుకుని ఒకేసారి వెళ్లాల్సిందే. ఒక ప్రోగ్రాం తెరుచుకునే లోపు ఇలాంటి ప్రశ్నలు 500 అడుగుతుందనుకుందాం. రాకపోకకి 0.2 మిల్లీసెకన్లు పట్టే ఆఫీసు నెట్‌వర్కులో వాటికయ్యే మొత్తం 0.1 సెకను, ఎవరికీ తెలియదు. అదే రాకపోకకి 200 మిల్లీసెకన్లు పడితే 100 సెకన్లు. ఆ 100 సెకన్లలో తీగల మీద కదిలిన డేటా చాలా కొద్ది. అప్పుడు నెట్ వాడకం చూపించే మీటరు దాదాపు ఖాళీగా కనిపిస్తుంది, మనిషి మాత్రం ఎదురుచూస్తూ ఉంటాడు.

200 మిల్లీసెకన్లన్నది ఎక్కడో జరిగే విశేషం కాదు. హైదరాబాదు నుంచి శాన్ హోసేకి భూగోళం మీద అతి దగ్గర దారి సుమారు 13,500 కిలోమీటర్లు. గాజు తీగలో కాంతి సెకనుకి దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, అంటే శూన్యంలో పోయే వేగంలో మూడింట రెండు వంతులు. ఈ లెక్కన తీగను దారం పట్టినట్టు తిన్నగా పరిచినా, మధ్యలో ఏ రౌటరూ ఒక్క క్షణం ఆపకపోయినా, వెళ్లి రావడానికి 135 మిల్లీసెకన్లు తప్పవు. నిజానికి కేబుళ్లు సముద్రాల అడుగున, తీరాల వెంబడి వంపులు తిరుగుతూ వెళ్తాయి, కాబట్టి 200 దాటడం మామూలే. ఏ ప్లాను కొన్నా ఆ 135 కిందికి దిగదు, ఎందుకంటే అది ప్రకృతి విధించిన హద్దు.

ఇక్కడ చాలామంది ఒక అభ్యంతరం చెబుతారు. మా ఇంట్లో స్పీడ్ టెస్టు 200 మెగాబిట్లు చూపిస్తోంది, ఆ తెర తాలూకు డేటా అందులో పదో వంతు కూడా లేదు, మరి లోపం సర్వరుదే కదా? స్పీడ్ టెస్టు కొలిచేది వేరు. అది సాధారణంగా మన ఊళ్లోనో పక్క నగరంలోనో ఉన్న సర్వరుని ఎంచుకుని, ఒకేసారి అనేక కనెక్షన్లు తెరిచి, అన్నీ కలిపి ఎంత వచ్చిందో చూపిస్తుంది. రిమోట్ డెస్క్‌టాప్ చాలావరకు ఒకే టీసీపీ కనెక్షన్ మీద సముద్రం దాటుతుంది. టీసీపీ అవతలివైపునుంచి అందిందన్న కబురు వచ్చేలోపు కొంత మొత్తం దాకానే పంపి ఆగుతుంది, ఆ మొత్తాన్నే విండో అంటారు. పాత పద్ధతిలో అది 64 కిలోబైట్లు. రాకపోకకి 0.2 సెకను పట్టే దారిలో 64 కిలోబైట్ల విండోతో సెకనుకి 320 కిలోబైట్లు, అంటే 2.6 మెగాబిట్లు మాత్రమే కదులుతాయి. లైను 200 ఉన్నా, 2,000 ఉన్నా అంతే. విండోని పెంచే సదుపాయం 1992 నుంచే ప్రమాణంలో ఉంది, నేటి ఆపరేటింగ్ సిస్టంలు దాన్ని వాడతాయి కూడా. కానీ మధ్యలో ఉన్న వీపీఎన్, ప్రాక్సీ, ఎస్ఎస్ఎచ్ సొరంగాలు తమ సొంత బఫర్లతో మళ్లీ చిన్న హద్దు పెట్టడం అరుదేమీ కాదు. దీనికి వైఫైలో పోయిన ప్యాకెట్లు తోడైతే పరిస్థితి ఇంకా చెడుతుంది. పోయిన ఒక్క ప్యాకెట్ మళ్లీ వచ్చేదాకా దాని వెనకవన్నీ వచ్చి కూడా వరసలో ఆగాల్సిందే. దూరం పెరిగేకొద్దీ ఆ ఆగడం కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. ఇలా వరసకోసం ఆగని యూడీపీ మీద నడిచే కొత్త రిమోట్ ప్రోటోకాల్స్ పుట్టింది ఈ ఇబ్బందికి మందుగానే.

ఇంతకీ 0.2 సెకను అంత పెద్ద సంగతా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే, దీని మీద దశాబ్దాలుగా కొలతలు జరిగాయి. 1968లోనే రాబర్ట్ మిల్లర్ మనిషి చేసిన చిన్న చేష్టకి యంత్రం సుమారు 0.1 సెకనులో స్పందిస్తేనే వెంటనే జరిగినట్టు అనిపిస్తుందని రాశాడు. 1982లో ఐబీఎంకి చెందిన డోహర్టీ, తడానీ ఇంకో సంగతి చూపించారు. యంత్రం స్పందన సెకను కన్నా కిందికి తగ్గేకొద్దీ మనిషి తన తర్వాతి పని ఆలోచించుకునే సమయం కూడా తగ్గుతుంది, కాబట్టి లాభం ఆదా అయిన సమయంకన్నా ఎక్కువ. లేఅవుట్ పనికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్న సాక్ష్యం 1993లో కెనడా పరిశోధకులు మెకెన్జీ, వేర్ ఇచ్చినది. మౌస్‌తో తెర మీది లక్ష్యాన్ని పట్టుకోమని మనుషులకి చెప్పి, మౌస్ కదలికకీ తెర మీద అది కనబడడానికీ మధ్య ఆలస్యాన్ని పెంచుతూ పోయారు. 225 మిల్లీసెకన్ల ఆలస్యం దగ్గర, దాదాపు ఆలస్యం లేనప్పటితో పోలిస్తే పట్టుకోవడానికి పట్టే సమయం 64 శాతం, తప్పులు 214 శాతం పెరిగాయి. లక్ష్యం చిన్నదయ్యేకొద్దీ ఆలస్యం చేసే హాని కూడా ఎక్కువైంది. లేఅవుట్ ఎడిటర్లో పట్టుకోవాల్సిన అంచు ఒక పిక్సెల్ మందం ఉంటుంది. హైదరాబాదు నుంచి కాలిఫోర్నియా ఆలస్యం దాదాపు ఆ ప్రయోగంలోని గరిష్ఠ ఆలస్యమంతే.

అనుభవం ఉన్నవాళ్లు దీనికి అలవాటు పడిపోతారు కదా అనే మాటకి కూడా జవాబు ఉంది. అలవాటు పడతారు, నిజమే. 1960ల్లో ఎం.ఐ.టి.లో ఫెరెల్, షెరిడన్ దూరంనుంచి ఆడించే యాంత్రిక హస్తాల మీద పనిచేస్తూ ఆ అలవాటు ఎలా ఉంటుందో గమనించారు. చంద్రుడి మీది యంత్రాన్ని భూమి నుంచి నడపడం ఎలా అన్న ప్రశ్న గాలిలో ఉన్న రోజులవి. ఆలస్యం ఉన్నప్పుడు మనిషి కొంచెం కదిపి, ఆగి, ఫలితం చూసి, మళ్లీ కొంచెం కదుపుతాడు. చెయ్యి నిలకడగా సాగిపోయే పని ముక్కలు ముక్కలవుతుంది. తప్పులు తగ్గుతాయి, సమయం పెరుగుతుంది. లేఅవుట్ గీసే వ్యక్తి రోజంతా ఇలా కదిపి ఆగి కదిపి ఆగి పనిచేస్తుంటే ఎవరూ ఫిర్యాదు నమోదు చేయరు, ఎందుకంటే ఏదీ చెడిపోలేదు. సాయంత్రానికి రెండు సెల్స్ కావాల్సిన చోట ఒకటే అవుతుంది, అంతే. ఈ నష్టం ఏ లాగ్ ఫైల్లోనూ కనబడదు, అందుకే దాన్ని తేలిగ్గా తీసుకోవడం నాకు బాధ కలిగిస్తుంది.

ఎక్స్ ఆజ్ఞలను తిన్నగా సముద్రం దాటించడం కష్టమని తేలాక రెండు రకాల పరిష్కారాలు వచ్చాయి. మొదటిది, ఇటలీ నుంచి వచ్చిన నోమెషీన్ వారి ఎన్ఎక్స్ లాంటిది. ప్రోగ్రాం పక్కనే ఒక మధ్యవర్తిని కూర్చోబెట్టి, ప్రశ్నలకి వీలైనన్ని జవాబులు అక్కడే చెప్పించి, మిగిలిన ఆజ్ఞలను కుదించి పంపుతుంది. రెండోది వీఎన్‌సీ దారి. 1990ల చివర్లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఒలివెట్టి పరిశోధనాలయంలో పుట్టింది. ఇందులో తెర మొత్తం సర్వరు జ్ఞాపకంలోనే ఉంటుంది. ప్రోగ్రాం అక్కడే, దాని పక్కనే గీసుకుంటుంది, ప్రశ్నలన్నిటికీ అక్కడే జవాబులొస్తాయి, మారిన పిక్సెళ్లు మాత్రం మనకి చేరతాయి. 500 ప్రశ్నల బెడద ఒక్క దెబ్బతో పోతుంది. ఎక్స్ ఫార్వర్డింగ్‌తోనే, అంటే ఎక్స్ ఆజ్ఞలను తిన్నగా సముద్రం దాటించి, లేఅవుట్ ఎడిటర్ నడుపుతున్నవారు ఎవరైనా ఉంటే, మరేదీ కొలవకముందే ఇలాంటి పద్ధతికి మారడం మంచిది. ఇంత తక్కువ శ్రమతో ఇంత లాభం ఇంకెక్కడా దొరకదు.

వీఎన్‌సీలో కూడా దూరం దాక్కునే చోటు ఒకటుంది. దాని మూల ప్రోటోకాల్‌లో సర్వరు తనంతట తాను బొమ్మ పంపదు. ఇటువైపు ప్రోగ్రాం, మారింది పంపు అని అడిగితేనే పంపుతుంది, అది అందాక మళ్లీ అడగాలి. నెట్ నెమ్మదిగా ఉన్నవాళ్లు డేటాలో మునిగిపోకుండా ఉండేందుకు పెట్టిన మర్యాద అది. రాకపోకకి 200 మిల్లీసెకన్లు పట్టేచోట, ఒకసారికి ఒక కోరిక చొప్పున, సెకనుకి 5 బొమ్మలకి మించి రావు. టైగర్‌వీఎన్‌సీ, టర్బోవీఎన్‌సీ లాంటి కొత్త రూపాల్లో సర్వరు అడగకుండానే పంపుతూ ఉండే సదుపాయం ఉంది. కానీ రెండు చివరలా దాన్ని అర్థం చేసుకునే ప్రోగ్రాంలు ఉండాలి. సర్వరులో కొత్తది, లాప్‌టాపులో ఎప్పుడో దింపుకున్న పాతది ఉంటే రెండూ మాట్లాడకుండా పాత పద్ధతిలోకి జారుకుంటాయి, తెర మీద ఏ హెచ్చరికా రాదు. ఇంకో వింత కూడా ఇక్కడే పుడుతుంది. మౌస్ బాణం గుర్తును ఈ ప్రోగ్రాంలు మన యంత్రంలోనే గీస్తాయి, కాబట్టి అది చేతితోపాటే కదులుతుంది. తీగ లాగుతుంటే సాగే గీతను మాత్రం సర్వరు గీసి పంపాలి. అందుకే మౌస్ ముందు పోతుంది, గీత వెనక వస్తుంది. ఈ దృశ్యం కనబడితే మన కంప్యూటరూ మౌసూ బాగున్నాయనీ, ఆలస్యం ఆవలి నుంచి వస్తోందనీ అర్థం.

ఇక బొమ్మ స్వభావం సంగతి. రిమోట్ డెస్క్‌టాప్ గురించి రాసే సలహాల్లో దీనికి దక్కవలసిన చోటు దక్కలేదు. జేపెగ్, వీడియో కోడెక్‌లు ఒక నమ్మకం మీద కట్టినవి: పక్కపక్క పిక్సెళ్లు దాదాపు ఒకేలా ఉంటాయి. మనిషి ముఖం, ఆకాశం, సినిమా అన్నీ అలాంటివే. జేపెగ్ బొమ్మను 8×8 పిక్సెళ్ల గళ్లుగా విడగొట్టి, ప్రతి గడిలో నెమ్మదిగా మారే భాగాన్ని బాగా ఉంచి, చప్పున మారే భాగాన్ని మొరటుగా గుండ్రం చేస్తుంది. లేఅవుట్ తెర దీనికి పూర్తిగా విరుద్ధం. నల్లని నేల మీద ఒక్కో లేయరుకి ఒక్కో రంగు, ఒక్కో స్టిపుల్ నమూనా ఉంటాయి. కొన్ని చుక్కలు, కొన్ని ఏటవాలు గీతలు, కొన్ని అడ్డదిడ్డపు గళ్లు. కింది లేయరు పైదాని సందుల్లోంచి కనబడాలని అలా పిక్సెల్ విడిచి పిక్సెల్ నింపుతారు. చప్పున మారడం తప్ప ఆ బొమ్మలో వేరే ఏమీ లేదు. జేపెగ్ దాన్ని కుదించబోతే రెండే దారులు: డేటా ఉబ్బిపోవడం, లేదా అంచుల చుట్టూ మసక అలలు లేవడం.

రంగుల విషయంలో ఇంకా అన్యాయం జరుగుతుంది. మనిషి కన్ను వెలుతురు తేడాలను సూక్ష్మంగా, రంగు తేడాలను మోటుగా చూస్తుందని వీడియో కోడెక్‌లు సాధారణంగా రంగు సమాచారాన్ని 2×2 పిక్సెళ్లకి ఒకటి చొప్పున మాత్రమే పంపుతాయి. దీన్నే 4:2:0 అంటారు. నల్లని నేల మీద ఒక పిక్సెల్ మందం నీలి గీతకి వెలుతురు ఎలాగూ తక్కువే, దానికి ఉనికినిచ్చేది రంగే. ఆ రంగును పక్క పిక్సెళ్లతో కలిపి సగటు చేస్తే గీత మసకబారి మాయమవుతుంది. రెండు లేయర్లు ఒకదాని మీద ఒకటి పడ్డాయా, పక్కపక్కన ఉన్నాయా అని నమూనా చూసి నిర్ణయించే మనిషికి ఇది అందచందాల సమస్య కాదు, పనికి సంబంధించిన తప్పు. నెట్ నెమ్మదిగా ఉందని నాణ్యత స్లైడరును కిందికి జరపమనే సలహా ఇక్కడ హాని చేస్తుంది. ఆఫీసు పత్రాలకి బాగుండే ఆ సలహా లేఅవుట్‌కి పనికిరాదు. వీడియో కోడెక్ మీద నడిచే ప్రోటోకాల్ వాడక తప్పకపోతే రంగును పూర్తిగా పంపే 4:4:4 పద్ధతి ఉందో లేదో చూసి పెట్టుకోవాలి.

ఇలాంటి బొమ్మకి నష్టం లేని కుదింపే తరచు చిన్నదిగా కూడా తేలుతుంది. తెర మీద ఉన్న రంగులు పదులలోనే ఉంటాయి కాబట్టి ప్రతి పిక్సెల్‌కి 24 బిట్ల రంగు బదులు పట్టికలో ఒక చిన్న సంఖ్య చాలు. స్టిపుల్ వరసలు అవే అవే మళ్లీ మళ్లీ వస్తాయి, పునరావృతాన్ని పట్టుకోవడమే పనిగా ఉన్న జెడ్‌లిబ్ లాంటి పద్ధతులకి అది పండగ. వీఎన్‌సీలోని టైట్ ఎన్‌కోడింగ్ ఈ రెంటినీ వాడుకుంటుంది. ఆ లాభం నిలవాలంటే తెర మీద రంగులు తక్కువగానే ఉండాలి. నేపథ్యంలో కొండల ఫోటో, విండోల చుట్టూ మెత్తని నీడలు, పారదర్శకంగా నింపిన లేయర్లు రంగుల సంఖ్యను వేలల్లోకి పెంచుతాయి. డెస్క్‌టాప్‌ను ఒకే రంగు చేసి, హంగులు ఆపేయమని పాత సిస్టం అడ్మిన్లు చెప్పే మాట వెనక ఉన్న సైన్సు ఇది.

బ్యాండ్‌విడ్త్ నిజంగా అడ్డుపడే చోటు కూడా చెప్పాలి. 1920×1080 తెర కుదించకుండా పంపితే ఒక్క బొమ్మకి దాదాపు 50 మెగాబిట్లు. రెండు 4కె మానిటర్లకి దానికి ఎనిమిది రెట్లు, 400 మెగాబిట్లు. లేఅవుట్‌ను పక్కకి జరిపినా, జూమ్ చేసినా ఎడిటర్ విండోలో ప్రతి పిక్సెల్ మారుతుంది, మారినవే పంపే తెలివి అక్కడ పనికిరాదు. కుదింపు ఎంత బాగున్నా పిక్సెళ్లు ఎనిమిది రెట్లయితే పనీ ఇంచుమించు ఎనిమిది రెట్లవుతుంది, సర్వరులో కుదించడానికీ, దారిలో మోయడానికీ, ఇటు విప్పడానికీ. ఎడిటర్ విండోని తెరలో సగానికి తగ్గించి చూస్తే జూమ్ చురుగ్గా మారిందా? అయితే పిక్సెళ్ల బరువే కారణం. ఏ మార్పూ లేదా? అయితే రాకపోకలో, గీయడంలో వెతకాలి. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది.

గీయడం అంటే ఎడిటర్ తన పని తాను చేయడం. పెద్ద బ్లాకులో కోట్ల ఆకారాలుంటాయి, తెర మీద ఉన్నవి 20 లక్షల పిక్సెళ్లు. మొత్తం చూపు తెరిచినప్పుడు పిక్సెల్‌లో వందో వంతు కూడా లేని ఆకారాలను లెక్కగట్టి గీయడం వృథా. ఇన్ని పిక్సెళ్లకన్నా చిన్నవి వదిలెయ్ అనే ఫిల్టరు, డిజైన్ సోపానక్రమంలో (హైరార్కీలో) ఇన్ని మెట్లదాకానే చూపించు అనే హద్దు, అక్కర్లేని లేయర్లను ఆపే సదుపాయం ఎడిటర్లలో అందుకే ఉంటాయి. మౌస్ కిందికి వచ్చిన ప్రతి ఆకారాన్నీ వెలిగించే డైనమిక్ హైలైట్ దగ్గరి యంత్రంలో ఎంతో సుఖం. దూరంనుంచి మాత్రం అది మౌస్ కదిలిన ప్రతిసారీ కొత్త వెతుకులాట, కొత్త బొమ్మ, కొత్త ప్రయాణం. ఇక్కడ ఆలస్యం నెట్‌దో ఎడిటర్‌దో తేల్చడానికి సర్వరులో టాప్ అనే సాధారణ లినక్స్ ఆజ్ఞ చాలు. లేఅవుట్‌ను అటూ ఇటూ జరుపుతూ దాన్ని చూడాలి. ఎడిటర్ ప్రాసెస్ ఒక కోరును పూర్తిగా నింపేస్తుంటే ఆలస్యం గీయడంలో ఉంది. వీఎన్‌సీ ప్రాసెస్ నింపేస్తుంటే కుదించడంలో ఉంది. రెండూ ఖాళీగా ఉండి తెర మాత్రం రాకపోతే దారిలో ఉంది. సర్వరు లోడు రెండు శాతమే అని చెప్పి చేతులు దులుపుకోవడం చెల్లదు. 64 కోర్ల యంత్రంలో ఒక కోరు పూర్తిగా నిండినా మొత్తం మీద అది రెండు శాతానికి లోపే, పైగా గీసే పని చాలా ఎడిటర్లలో ఒకే కోరు మీద నడుస్తుంది.

గ్రాఫిక్స్ కార్డు పెడితే సరిపోదా అనే ప్రశ్నకి సమాధానం ఎడిటర్‌ని బట్టి మారుతుంది. 1980ల్లో బర్కలీలో పుట్టి నేటికీ ఉచితంగా దొరికే మ్యాజిక్ అనే లేఅవుట్ ఎడిటర్లో గీసే పద్ధతిని మనమే ఎంచుకోవచ్చు: సాదా ఎక్స్, కైరో, ఓపెన్‌జీఎల్. ఓపెన్‌జీఎల్ ఎంచుకుంటేనే కార్డుకి పని దొరుకుతుంది. సర్వరులో కార్డు లేనప్పుడు అదే ఎంచుకుంటే ఆ పనంతా ఎల్‌ఎల్‌వీఎంపైప్ అనే సాఫ్ట్‌వేర్ ద్వారా మామూలు ప్రాసెసర్ నెత్తిన పడుతుంది. కార్డు ఉన్నా మామూలు వీఎన్‌సీ తెర దాన్ని పట్టించుకోదు, వర్చువల్‌జీఎల్ లాంటిది మధ్యలో నిలబడి ఆ ఆజ్ఞలను కార్డు దగ్గరికి మళ్లించాలి. ఇంకో ఉచిత ఎడిటర్ కేలేఅవుట్ తీరు వేరు. బొమ్మను తన థ్రెడ్లలో తానే తయారుచేసుకుని పూర్తయిన పిక్సెళ్లను తెరకిస్తుంది. అదే యంత్రంలోని వీఎన్‌సీ తెరకైతే ఉమ్మడి జ్ఞాపకం ద్వారా క్షణంలో అందుతాయి. ఎస్ఎస్ఎచ్ ఎక్స్ ఫార్వర్డింగ్‌లో ఉమ్మడి జ్ఞాపకం ఉండదు కాబట్టి పిక్సెళ్లన్నీ తీగ మీద పోవాలి. 1600×1000 పిక్సెళ్ల విండోకి ఒక్కసారికి 6.4 మెగాబైట్లు, 50 మెగాబిట్ల లైను మీద సుమారు ఒక సెకను. ఒకే దారి, ఒకే సర్వరు మీద ఈ రెండు ఎడిటర్లు విరుద్ధంగా ప్రవర్తించగలవు. నెట్ బాగుందా లేదా అనే ఒక్క ప్రశ్నతో దీన్ని వివరించలేం.

మరి సర్వర్లనే మన దగ్గరికి తెచ్చుకోవచ్చు కదా? ఈ వాదనలో చాలా బలం ఉంది. హైదరాబాదు, బెంగుళూరు మధ్య గగన మార్గం 500 కిలోమీటర్ల చిల్లర, రాకపోకకి కాంతి తీసుకునేది 5 మిల్లీసెకన్లే. దారి వంపులు, రౌటర్లు కలిపినా కాలిఫోర్నియాతో పోలిక లేదు. నిరంతరం మౌస్ పట్టుకుని గీసేవాళ్ల సర్వరు ఇక్కడే ఉండాలన్నది నా అభిప్రాయం. రాత్రంతా నడిచే సిమ్యులేషన్లు ఎక్కడున్నా ఫరవాలేదు, వాటికి చెయ్యి అక్కర్లేదు. అయితే ఒప్పందాలు, లైసెన్సుల ప్రాంతీయ షరతులు, రెండు చోట్ల డేటాను ఒకేలా ఉంచే ఖర్చు చూసి సంస్థలు వెనకాడతాయి. ఆ ఖర్చును దేనితో తూచాలో తెలియాలంటే ముందు ఆలస్యం ఖరీదు తెలియాలి. లినక్స్‌లోనే ఉన్న నెటెమ్ అనే సాధనంతో ఆఫీసు నెట్‌వర్కులో 200 మిల్లీసెకన్ల కృత్రిమ ఆలస్యం పెట్టవచ్చు, లేదా ఆలస్యం లేకుండా వేగాన్ని 20 మెగాబిట్లకి కుదించవచ్చు. ఒకే లేఅవుట్ పనిని రెండు విధాలా చేయించి గడియారం పట్టుకుంటే, ఏది ఎంత నష్టం చేస్తుందో ఆ సంస్థ పనికి తగ్గట్టు తేలిపోతుంది. ఒక పూట పని.

ఫిర్యాదు తీసుకునేచోట కూడా మార్పు రావాలి. స్పీడ్ టెస్టు చిత్రం జతచేయమని అడిగే గడి బదులు మరికొన్ని గడులుండాలి: సర్వరుకి పింగ్ ఎన్ని మిల్లీసెకన్లు, అది స్థిరంగా ఉందా, ఎన్ని ప్యాకెట్లు పోతున్నాయి, జరుపుతున్నప్పుడు సర్వరులో ఏ ప్రాసెస్ కోరును నింపుతోంది, విండో సగం చేస్తే ఏమైంది, రెండు చివరలా ఏ వెర్షన్లు ఉన్నాయి, ఏ ఎన్‌కోడింగ్ నడుస్తోంది. ఇవన్నీ ఇంజనీరు పది నిమిషాల్లో నింపగలిగేవే. వాటితో వచ్చిన ఫిర్యాదును నెట్‌వర్కు బృందానికి పంపాలో, సర్వరు బృందానికి పంపాలో, ఎడిటర్ సెట్టింగులతో సరిపెట్టవచ్చో అక్కడికక్కడే తెలిసిపోతుంది.